ఎనిమిది బోల్టుల కబ్జా

డ్రమ్ము ఎక్కడ అయిపోతుందో, పైపు ఎక్కడ మొదలవుతుందో తెలియని మనిషి మా పసుపు కర్మాగారంలో ఒక్కడూ లేడు, ఇంజనీర్లను మినహాయిస్తే. వాళ్లకూ తెలియక కాదు. తెలిసిన సంగతి కాగితం మీద లేకపోతే అది తెలిసినట్టు లెక్క కాదని వాళ్లు పెద్ద పెద్ద చదువులు చదివి నేర్చుకున్నారు.

నేను ఆ కర్మాగారంలో మినిట్సు రాసే గుమాస్తాను. సమావేశాల్లో ఎవరు ఏమన్నారో రాయడం నా పని. ఎవరు ఏం చేశారో రాయవలసిన అవసరం ఇరవై రెండేళ్ల సర్వీసులో పెద్దగా పడలేదు. కాబట్టి ఇందులో నా కవిత్వం వెతక్కండి, అంతా ఫైల్లో ఉన్నదే.

ముందు కాస్త యంత్రశాస్త్రం. పచ్చి పసుపును తవ్విన కొద్దిరోజుల్లో ఉడకబెట్టాలి. మా దగ్గర ఆవిరితో ఉడకబెడతాం. ఆవిరి మొదట ఏనుగంత ఇనుప డ్రమ్ములోకి వస్తుంది. డ్రమ్ము పక్కన జానెడు మెడ, మెడ చివర పళ్లెంలాంటి గుండ్రటి అంచు. దానికి ఎదురుగా అలాంటిదే ఇంకో అంచు, అది పైపుది. పైపు అక్కణ్ణుంచి పసుపు గాబుల దాకా పోతుంది. రెండు అంచుల నడుమ మూడు మిల్లీమీటర్ల మందాన ఒక ప్యాకింగు బిళ్ల, ఆవిరి బయటికి రాకుండా. అన్నిటినీ కలిపి బిగించడానికి చుట్టూ ఎనిమిది బోల్టులు. ఈ కథకు కావలసిన ఇంజనీరింగు మొత్తం ఇంతే. ఇంతకంటే ఎక్కువ మా చీఫ్ ఇంజనీర్లు కూడా వాడలేదు.

నిరుడు కార్తీకమాసంలో ప్రధాన కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు దిగింది. ఉద్యమం పేరు ‘ఒక వస్తువు - ఒక విభాగం’. “సంస్థకు చెందిన ప్రతి వస్తువును ఒకే విభాగపు ఏకైక స్వామ్యమునకు లోబరచవలెను. పరవిభాగ వస్తుస్పర్శ క్రమశిక్షణారాహిత్యముగా పరిగణింపబడును” అని ఉంది అందులో. అప్పటిదాకా ఏదైనా వదులైతే ఎవరి చేతిలో పానా ఉంటే వాళ్లు బిగించేవాళ్లు. అది అనాగరికమని మాకు ఆ రోజే తెలిసింది.

నెల తిరిగేసరికి కర్మాగారం పంచుకోవడం అయిపోయింది. క్యాంటీన్లో కప్పులు ఒక విభాగానికి, సాసర్లు ఇంకో విభాగానికి వెళ్లాయి. డ్రమ్ము విభాగం డ్రమ్ముకు నీలం రంగు వేయించింది. పైపుల విభాగం పైపులకు ఆకుపచ్చ వేయించింది. రంగులు వేసినవాడు మెడ అంచు దాకా నీలం పూసి, ఎదుటి అంచు నుంచి ఆకుపచ్చ పూసి, ఎనిమిది బోల్టుల దగ్గర కుంచె పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. వాటికి ఏ రంగో ఎవరూ చెప్పలేదు. తుప్పుతోనే వదిలేసి వెళ్లిపోయాడు.

ఇక ముత్తెన్న సంగతి. ముత్తెన్న ఆవిరి ఆపరేటరు. డ్రమ్ములోకి ఆవిరి వదిలే చక్రం మెడకు అవతల గోడవైపు ఉంటుంది. దాన్ని తిప్పాలంటే ఆ బోల్టుల పక్కనుంచే ఎడమచెయ్యి చాచాలి. షిఫ్టుకు పన్నెండుసార్లు, సీజను లేనప్పుడు కూడా; గాబులు కడగడానికీ ఆవిరే కావాలి. ఉత్తర్వు వచ్చిన పదిహేను రోజులకే ప్యాకింగు పాడై ఆ సందులోంచి సన్నగా ఆవిరి కొట్టడం మొదలైంది. పన్నెండుసార్లూ అది అతని మోచేతి కింద తగిలేది. మొదటి వారం చేతి మీది వెంట్రుకలు పోయాయి. రెండో వారం బొబ్బలు లేచాయి. బిళ్ల ఒక్కసారిగా తెగిందంటే చెయ్యి ఒక్కటే కాదు, మనిషి మొత్తం ఉడుకుతాడని ముత్తెన్నకు తెలుసు. ఆవిరికి కొమ్ము ఎంతసేపట్లో మెత్తబడుతుందో రోజూ చూసే మనిషాయె.

అందుకని డ్రమ్ము విభాగానికి పెద్దయిన విద్యాధర్ గారి గదికి వెళ్లాడు.

“సారూ, డ్రమ్ము కాడ ప్యాకింగు కరాబైంది. పది నిమిషాల పని. పానా నా దగ్గరనే ఉన్నది. ముట్టుకొమ్మని ఒక్క మాటంటె నేనే మారుస్త.”

విద్యాధర్ గారు లేచి, గోడమీది డ్రాయింగు దగ్గరికి వెళ్లి, బెత్తంతో చూపించారు. “చూడు ముత్తెన్నా. పీడన పాత్ర యొక్క రూపకల్పనా పరిధి ఈ అంచు యొక్క ముఖతలము వద్ద పరిసమాప్తమగును. ఆ ముఖం నిన్ననే స్వయంగా పరిశీలించాను. నిష్కళంకంగా ఉంది. కారుతున్నది మా డ్రమ్ము కాదు.”

“మరి ఎవలకు చెప్పుకోవాలె సారూ?”

“ఎదుటి ముఖం వారికి.”

ఎదుటి ముఖం మార్తాండరావు గారిది. పైపుల విభాగం ఆయనది. గది కూడా వరండాకు అవతల సరిగ్గా ఎదురుగానే ఉంటుంది. ఆయన డ్రాయింగు చూపించలేదు, తర్కం చూపించారు.

“పైపుల వ్యవస్థ ఈ అంచు నుండి ప్రారంభమగును. ప్రారంభమునకు పూర్వం జరిగిన విషయాలపై మాకు అధికార పరిధి లేదు. నువ్వు పుట్టకముందు జరిగిన దొంగతనానికి నిన్ను పట్టుకుపోతే ఒప్పుకుంటావా?”

“ఎట్లొప్పుకుంట సారూ! గని నడుమ మూడు మిల్లీమీటర్ల జాగ ఉన్నది గదా. అది ఎవలది?”

మార్తాండరావు గారు కళ్లజోడు తీసి మొదటిసారి ముత్తెన్న ముఖంలోకి చూశారు. “ప్రశ్న చాలా లోతైనది. రాతపూర్వకంగా పెట్టుకో.”

అర్జీ నాచేతే రాయించుకున్నాడు. ఫైల్లో మొదటి కాగితం అదే. జవాబు వచ్చేలోగా చెయ్యి దక్కించుకోవాలి కనుక ఒక గోనెసంచి తెచ్చి ఆ బోల్టుల చుట్టూ చుట్టి, కట్టుతీగతో బిగించాడు. ఆవిరి ఆగలేదు గానీ కొంచెం మెత్తగా కొట్టసాగింది. కాలే చెయ్యి కాస్తా ఉడికే చెయ్యి అయింది.

అర్జీ మీద ఉభయ విభాగాల సమావేశం జరిగింది. పదకొండు మంది అధికారులు, ఒక పెద్ద పళ్లెం నిండా మిర్చిబజ్జీలు. చర్చ ఉన్నత స్థాయిలో సాగింది. బోల్టు తల డ్రమ్ము వైపు ఉంది గనుక తలలు ఎనిమిదీ డ్రమ్ము విభాగానివనీ, నట్టు పైపు వైపు ఉంది గనుక నట్లు ఎనిమిదీ పైపుల విభాగానివనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. రెంటికీ మధ్య ఉన్న కడ్డీని తదుపరి చర్చకు ఉంచారు. ప్యాకింగు బిళ్లను మందం మధ్యగా చీల్చి చెరి ఒకటిన్నర మిల్లీమీటరూ తీసుకుందామని ఒక యువ అధికారి అన్నాడు. అలా చీలిస్తే ఆ చీలిక ఎవరిదన్న సమస్య వస్తుందని పెద్దలు అతన్ని మందలించి కూర్చోబెట్టారు. ముందైతే బోల్టులు బిగించి చూద్దామనుకున్నారు.

డ్రమ్ము విభాగం ఫిట్టరుకు మంగళవారం పని చేయడానికి అనుమతి వచ్చింది. పైపుల విభాగం ఫిట్టరుకు గురువారానికి వచ్చింది. మంగళవారం నాడు డ్రమ్ము ఫిట్టరు వచ్చి బోల్టు తలకు పానా వేసి నలభై చుట్లు తిప్పాడు. అటువైపు పట్టుకునేవాళ్లు లేరు గనుక నట్టు కూడా దాంతోపాటే నలభై చుట్లు తిరిగింది. గురువారం పైపుల ఫిట్టరు వచ్చి నట్టును నలభై చుట్లు తిప్పాడు. తలకాయ కూడా శ్రద్ధగా తిరిగింది.

ముత్తెన్న రెండు రోజులూ పక్కనే నిలబడి చూశాడు. “అన్నా, ఒక్కపారి ఇద్దరు ఒకటే దినం రాండ్రి. లేదంటె అవతల నేను పట్టుకుంట,” అని గురువారం బతిమాలాడు.

“నువ్వు పట్టుకుంటె నా నౌకరి పోతది,” అన్నాడు పైపుల ఫిట్టరు. “తలకాయ మాది గాదు.”

‘పని సంతృప్తికరంగా పూర్తయినది’ అని ఇద్దరూ వేర్వేరు నివేదికలు ఇచ్చారు. రెండూ నిజమే కాబట్టి రెండూ ఫైల్లో పెట్టాను. ఆ రోజు సాయంత్రం ముత్తెన్న చేతికి కొబ్బరినూనె రాసుకుంటూ కనిపించాడు. నేను చూడనట్టు వెళ్లిపోయాను.

దసరా వచ్చింది. ఆయుధపూజకు డ్రమ్ము విభాగం వాళ్లు డ్రమ్మును కడిగి, పసుపు పూసి, మెడ అంచు దాకా కుంకుమబొట్లు పెట్టారు. పైపుల వాళ్లు ఎదుటి అంచు నుంచి మొదలుపెట్టి గాబుల దాకా పెట్టుకుపోయారు. పసుపు కర్మాగారంలో పసుపుకు కరువా, గోడలకు కూడా పూశారు. నడుమ ఎనిమిది బోల్టులు మాత్రం బోసిగా మిగిలాయి. ముత్తెన్న అది చూడలేక గోనెసంచి తీసి, ఎనిమిదింటికీ బొట్లు పెట్టి, ఒక నిమ్మకాయ కోసి, మళ్లీ సంచి కట్టేశాడు. ఇంత చిన్న భక్తి ఒక మనిషి మెడకు ఎలా చుట్టుకుంటుందో అప్పుడు ఎవరికీ తోచలేదు.

దసరా తర్వాత ప్రధాన కార్యాలయం ఒక సరిహద్దు కమిషన్ వేసింది. కమిషనర్ దక్షిణామూర్తి గారు. భూముల సర్వేలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. హద్దు కనిపిస్తే చాలు, అది మట్టిదా ఇనుపదా అని చూడరు. ఇద్దరు మనుషుల చేత సర్వే గొలుసు మోయించుకుంటూ డ్రమ్ము దగ్గరికి వచ్చారు.

“నక్షా ఏదీ?” అన్నారు రాగానే.

విద్యాధర్ గారు డ్రాయింగు ఇచ్చారు. కమిషనర్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచారు. “దీనిలో సర్వే నంబరు లేదు. ఉత్తర దిక్కు చూపే బాణం లేదు. ఇన్నాళ్లూ మీరు ఏ ఆధారంతో ఆవిరి నడిపారు?”

విద్యాధర్ గారు డ్రాయింగులో బాణం కోసం వెతికారు. ఆయనే దయతలచి డ్రమ్ముకు సర్వే నంబరు ఒకటి, పైపుకు రెండు, మధ్యలో ఉన్నదానికి ఒకటి బై అ ఇచ్చారు. ఒకటి బై అ విస్తీర్ణం కొలవడానికి అరవై ఆరు అడుగుల గొలుసు పరిచారు. డ్రమ్ము అంచు దగ్గర ఒక మనిషి, పైపు అంచు దగ్గర ఒక మనిషి నిలబడితే ఇద్దరి భుజాలూ రాసుకున్నాయి. గొలుసులో ఒక్క లింకు కూడా పట్టలేదు. ‘విస్తీర్ణము: సున్న’ అని రాయించారు. నాలుగు హద్దులు కూడా రాయించారు: తూర్పున డ్రమ్ము, పడమట పైపు, ఉత్తరాన గోడ, దక్షిణాన ముత్తెన్న.

తర్వాత కర్మాగారం ఆవరణలో డప్పు వేయించి చాటించారు. ఒకటి బై అ మీద హక్కు ఉన్నవాళ్లు వారంలోగా వచ్చి చెప్పుకోవాలని. విద్యాధర్ గారు రాలేదు. మార్తాండరావు గారు ఆ వారం సెలవు పెట్టారు. ఎవరూ రాకపోయేసరికి కమిషనర్ గారు అనుభవంలో ఎవరున్నారో విచారించడానికి కూర్చున్నారు. ముత్తెన్నను పిలిపించారు. ముత్తెన్న సంబరంగా వచ్చాడు, తన అర్జీ కదిలిందనుకుని.

“ఈ ఎనిమిది బోల్టులకు బొట్లు పెట్టింది ఎవరు?”

“నేనే సారూ.”

“ఎవరి అనుమతితో?”

“బొట్టు వెట్టుడుకు అనుమతేంది సారూ? పండుగ పూట అన్నిటికి పెట్టి వీటిని ఇడిసిపెట్టిండ్రు. పానం ఒప్పలే.”

“రాసుకోవయ్యా,” అన్నారు నాతో. “ఏటేటా పూజాదికాలు నిర్వహిస్తున్నట్టు స్వయంగా అంగీకరించాడు.”

“ఏటేటా గాదు సారూ, ఒక్కపారే...”

“చుట్టూ గోనెసంచితో కంచె వేసింది ఎవరు?”

“అది కంచె గాదు సారూ, చెయ్యి కాలుతాందని కట్టిన.”

“కంచె ఎందుకు వేశావని నేను అడగలేదు. ఎందుకు వేసినా కంచె కంచే. రోజుకు ఎన్నిసార్లు ఆ స్థలంలోకి చెయ్యి పెడుతున్నావు?”

“పన్నెండుసార్లు.”

దక్షిణామూర్తి గారు కుర్చీలో వెనక్కి వాలారు. ముప్ఫై నాలుగేళ్లలో ఎన్ని చెరువు శిఖం భూములు, ఎన్ని పోరంబోకులు చూశారో, అంత తృప్తి ఆ ముఖంలో కనిపించింది. “స్పష్టంగా ఉంది. ఇది కబ్జా. ప్రభుత్వ స్థలం సున్న విస్తీర్ణాన్ని ఇతను ఏడాదికి పైగా ఆక్రమించుకుని ఉన్నాడు.”

నోటీసు నేనే టైపు చేశాను. “సర్వే నంబరు ఒకటి బై అ యందలి ఆక్రమణదారు ముత్తెన్న, తన అనుభవంలో ఉన్న గోనెసంచి, ఎనిమిది బోల్టులు, ఎనిమిది నట్లు, ఒక ప్యాకింగు బిళ్లలను ఏడు దినములలోగా తానే తొలగించి స్థలమును ఖాళీ చేయవలెను.” ముత్తెన్నకు చదువు రాదు. నేనే చదివి వినిపించాను. ఏడుస్తాడేమో, తిడతాడేమో అనుకున్నాను. కానీ అతని ముఖం మెల్లగా విచ్చుకుంది.

“తొలగించుమన్నరా సారూ? నన్నే?”

“అవును.”

“అంటె పానా పెట్టొచ్చన్నట్టే గదా!”

పద్నాలుగు నెలలుగా ఆ బోల్టుల మీద పానా వేయడానికి అతనికి దొరికిన మొదటి కాగితం అదే. ఇంటికి వెళ్లి ఆ రాత్రే ప్యాకింగు షీటులోంచి కొత్త బిళ్ల కోసుకున్నాడట.

ఏడో రోజు మధ్యాహ్నం బాయిలరు ఆపి, డ్రమ్ము చల్లారాక పని మొదలుపెట్టాడు. పంచనామా రాయడానికి నేనొక్కణ్ణే వెళ్లాను. అధికారులు భోజనాలకు వెళ్లారు. ఒక పానా తలకు, ఒక పానా నట్టుకు వేసి, రెండు చేతులూ తనవే కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేకుండా, ఎనిమిదింటినీ చకచకా ఊడదీశాడు. పాత బిళ్ల మాడిన జొన్నరొట్టెలా పెళుసుగా పెచ్చులుగా ఊడింది. గీకి అంచులు రెండూ శుభ్రం చేశాడు. చొక్కా లోపలినుంచి కొత్త బిళ్ల తీసి మెడ అంచుకు ఆనించి చూశాడు. కొలిచి కోసినట్టు కుదిరింది. చుట్టూ చూశాడు, ఎవరూ లేరు.

“సారూ, ఎక్కియ్యాల్నా?” అన్నాడు మెల్లగా. “పది నిమిషాలు. ఎవలకు తెల్వది.”

ఈ కథలో నేను మాట్లాడవలసిన చోటు ఇదొక్కటే. ఊ అంటే చాలు. నా చేతిలో పంచనామా కాగితం ఉంది. దానిమీద ‘తొలగించవలెను’ అని ఉంది. ‘బిగించవలెను’ అని లేదు. రెండేళ్లలో రిటైర్మెంటు. “ఉత్తర్వులో లేదు ముత్తెన్నా,” అన్నాను. నా మాట నాకే విద్యాధర్ గారి గొంతులా వినిపించింది. ముత్తెన్న బిళ్లను మళ్లీ చొక్కాలో పెట్టుకుని, బోల్టులూ నట్లూ సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. బిగింపు పోయేసరికి పైపు అటు జరిగి, డ్రమ్ముకూ దానికీ మధ్య జానెడు సందు ఏర్పడింది.

ఆ సందు చూసి దక్షిణామూర్తి గారు పరవశించిపోయారు. “ఇదీ హద్దంటే! ఇప్పుడు డ్రమ్ము ఎక్కడ అయిపోయిందో, పైపు ఎక్కడ మొదలైందో పసివాడికి కూడా కనిపిస్తుంది.” తీగ కట్టి ఆ సందులోకి ఒక బోర్డు వేలాడదీయించారు: ‘ఈ స్థలము సరిహద్దు కమిషన్ వారిది. ప్రవేశించువారు శిక్షార్హులు.’ తనిఖీ జరిగింది. డ్రమ్ములో ఎక్కడా కారడం లేదని విద్యాధర్ గారికి సర్టిఫికెట్టు వచ్చింది. పైపులో ఎక్కడా కారడం లేదని మార్తాండరావు గారికీ వచ్చింది. పద్నాలుగు నెలల్లో ఇద్దరూ ఒకరికొకరు షేక్‌హ్యాండ్ ఇచ్చుకోవడం అప్పుడే చూశాను.

అప్పటికి మాఘమాసం. పసుపు తవ్వకాలు మొదలై, గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరాయి. ఉడికించడం మొదలుపెట్టాలి. హద్దు ప్రారంభోత్సవం, సీజను ప్రారంభోత్సవం కలిపి ఒకేరోజు పెట్టారు. డ్రమ్ము అంచుకూ పైపు అంచుకూ మధ్య ఎర్ర రిబ్బను కట్టారు. దాని ముందు కమిషనర్ గారు, ఇరువైపులా ఇద్దరు చీఫ్ ఇంజనీర్లు, మెడల్లో బంతిపూల దండలు, భుజాల మీద శాలువాలు. రిబ్బను కత్తిరించగానే ఆవిరి వదలాలని కార్యక్రమంలో ఉంది.

చక్రం దగ్గర ముత్తెన్న ఉన్నాడు. ఎంత కబ్జాదారైనా ఆపరేటరు అతనే కదా.

“సారూ, ఇప్పాల్నా?” అన్నాడు. “ఇడువమంటె ఇడుస్త. గని నడుమ ఏం లేదు.”

“డ్రమ్ము ధ్రువీకరింపబడినది,” అన్నారు విద్యాధర్ గారు.

“పైపు సైతం ధ్రువీకరింపబడినది,” అన్నారు మార్తాండరావు గారు.

“నేననేది అది గాదు సారూ. మీరు నిలవడ్డది సరిగ్గ మూతి ముందట. జర పక్కకన్న జరుగుండ్రి.”

“ముహూర్తం దాటిపోతోంది,” అన్నారు కమిషనర్ గారు, కత్తెర ఆడిస్తూ. “ఇది ఉత్తర్వు. వదులు.”

కత్తెర పడింది. ముత్తెన్న మూడోసారి కూడా అడిగి, లాగ్‌బుక్కులో నాచేత రాయించి, జాలిపడి చక్రాన్ని పావు చుట్టు మాత్రం తిప్పాడు. పూర్తిగా తిప్పి ఉంటే ఈ కథకు సంతాప సభ కావలసి వచ్చేది. డ్రమ్ము ఒక్కసారి గుర్రుమంది. జానెడు మూతిలోంచి తెల్లటి ఆవిరి తెర లేచి వేదికను కప్పేసింది. అందులోంచి శాలువాలు, చెప్పులు, సంస్కృత పదాలు అన్నీ ఒక్కొక్కటిగా బయటికి పరుగెత్తాయి. ముత్తెన్న చక్రం కట్టేసేసరికి బంతిపూలు ఉడికి వాడిపోయాయి. విద్యాధర్ గారికీ మార్తాండరావు గారికీ కళ్లద్దాలు మసకబారడం తప్ప ఏం కాలేదు. కమిషనర్ గారి కుడిచెవి మాత్రం గులాబీపువ్వులా ఎర్రబడింది.

“ఎవరిది ఈ ఆవిరి?” అని అరిచారాయన, చెవి పట్టుకుని. “ఎవరిదయ్యా బాధ్యత?”

“మా ముఖతలం దాటేవరకు ఆవిరి సక్రమంగా ఉంది,” అన్నారు విద్యాధర్ గారు.

“మా ముఖతలానికి ఆవిరి ఇంకా చేరనే లేదు,” అన్నారు మార్తాండరావు గారు.

“మరి మధ్యలో?”

అందరం బోర్డు వైపు చూశాం. ‘ఈ స్థలము సరిహద్దు కమిషన్ వారిది.’ కమిషనర్ గారు కూడా చూశారు. ఒక స్థలం మనదైతే అందులోని వేడి కూడా మనదేనని ముప్ఫై నాలుగేళ్లలో ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. చన్నీళ్ల గుడ్డ చెవికి అదుముకుని ముత్తెన్న దగ్గరికి పోయారు.

“బాబూ, దీనికేదో బిళ్ల ఉంటుందన్నావుట కదా. వెంటనే పెట్టెయ్.”

“పెడుదును సారూ. గని నా మీద కబ్జా కేసున్నది. ముట్టుకుంటె మళ్ల కబ్జా అంటరు. బోర్డు మీద గూడ శిక్ష అని రాసిండ్రంట.”

“నేను చెబుతున్నాను కదా!”

“నోటి మాటతోని ఈ ఫ్యాక్టరీల ఏమైతది సారూ? కాయిదం ఇయ్యుండ్రి.”

కాగితం కావాలని ఒక పనివాడు అడగడం, అధికారి దాన్ని వెతుక్కుంటూ పరుగెత్తడం నా సర్వీసులో చూసింది అదొక్కసారే. బల్లలన్నీ తడిసిపోవడంతో నా వీపు మీద కాగితం పెట్టి ఉత్తర్వు రాశారు. ఆ పూట నా వీపు మొదటిసారి ఒక మంచి పనికి వచ్చింది. బిళ్ల ఎక్కింది. బోల్టు తలలు పట్టుకోవడానికి డ్రమ్ము ఫిట్టరుకు ఆ రోజు అనుమతి లేకపోతే, కమిషనర్ గారే శాలువా నడుముకు చుట్టుకుని ఒక పానా అందుకున్నారు. అటు ఆయన తల పట్టుకుంటే, ఇటు ముత్తెన్న నట్టు తిప్పాడు. పదకొండు నిమిషాలు పట్టింది. కమిషనర్ గారు పానాను తిరగేసి పట్టుకోవడం వల్ల ఒక నిమిషం ఎక్కువైంది.

చక్రం తిప్పి చూశారు. ఈసారి ఆవిరి పైపులోకి వెళ్లింది. బోల్టుల దగ్గర తడి కూడా లేదు.

“ఇంతేనా?” అన్నారు కమిషనర్ గారు నివ్వెరపోయి. “ఈ పదకొండు నిమిషాల పనికా ఇంత రభస? ముందే చెప్పొచ్చు కదయ్యా!”

ముత్తెన్న ఎడమచేతి గుండీ విప్పి చొక్కా పైకి మడిచాడు. మణికట్టు దగ్గర్నుంచి మోచేయి దాకా చర్మం కాలి, మాని, మళ్లీ కాలి, రంగు పోయి ముడుచుకుపోయి ఉంది. పద్నాలుగు నెలల మినిట్సు నా చేత్తో రాశాను. ఆ చెయ్యి అందులో ఎక్కడా లేదు. నాకు చాలా సిగ్గేసింది.

దక్షిణామూర్తి గారు కళ్లద్దాలు తుడుచుకుని, వంగి, ఆ చేతిని చాలాసేపు చూశారు. ఆయన పెదవులు కదిలాయి. ఏదైనా మంచిమాట అంటారేమోనని అందరం చూశాం. ఆయన విద్యాధర్ గారి వైపు తిరిగారు, తర్వాత మార్తాండరావు గారి వైపు తిరిగారు.

“ఇది ఎవరి పరిధిలోకి వస్తుంది?” అని అడిగారు.

చీఫ్ ఇంజనీర్లిద్దరూ ఒకేసారి ఒక అడుగు వెనక్కి వేశారు.

ముత్తెన్న చొక్కా చెయ్యి కిందికి దించి గుండీ పెట్టుకున్నాడు. “గిది నాదే సారూ,” అన్నాడు. “దీనికి కమిషన్ అక్కెర లేదు. జరుగుండ్రి, బయట రైతుల పసుపు ఎండకు ఉన్నది.”